రష్యన్ సింఫనీల్లో నచ్చినవి నలుగురూ కలిసి ఎంచుకోవాలంటే

సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన, సాధారణంగా నాలుగు భాగాలుండే సంగీత రచన. ముందు ఓట్లు వద్దు, వినండి. మేం నలుగురు స్నేహితులం మొదటిసారి జ్ఞాపకం మీదే ఓట్లు వేస్తే మూడు స్థానాలూ చైకోవ్‌స్కీకే పోయాయి. అందుకే ఇప్పుడు ఒక స్వరకర్తకు ఒక్కటే అని నియమం పెట్టుకున్నాం. దాంతో బొరొదిన్ రెండో సింఫనీకి చోటు దొరికింది. ఆయన వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్త!

వారానికి ఒకటి చాలు, కానీ ఆపకుండా మొత్తం వినాలి. చైకోవ్‌స్కీ ఆరోదాంట్లో మూడో భాగం ఎంత జోరుగా ముగుస్తుందంటే, అయిపోయిందనుకుని హాల్లో జనం చప్పట్లు కొట్టేస్తుంటారు. అసలు గుండె పిండేది తర్వాతి నెమ్మదైన నాలుగో భాగమే. 1893లో వాద్యబృందాన్ని తానే నడిపిస్తూ దాన్ని వినిపించిన తొమ్మిది రోజులకు ఆయన చనిపోయారు. ఈ సంగతి విన్నాకే చెప్పండి. ముందే చెబితే చెవులు కథ వైపు పోతాయి.

షొస్తకోవిచ్ ఏడోదానికి మాత్రం ముందే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. 1942 ఆగస్టు 9న, జర్మన్ సేనల ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్), ఆకలితో నీరసించిన వాద్యకారులు దాన్ని వాయించారు. గంటకు పైగా సాగుతుంది, భోజనాలు ముందే కానివ్వండి.

రహ్మానినొవ్ రెండోదానికి కోతల్లేని రికార్డింగే వెతకండి. పాతవాటిలో చాలాచోట్ల కత్తిరించేసేవారు.

చివర్లో చర్చ మొదలవకముందే ఎవరి చీటీ వాళ్లు రాయాలి: మొదటిదానికి 3 మార్కులు, తర్వాత 2, 1. సమానమైతే రెండింటి నెమ్మది భాగాలూ మళ్లీ వినండి. పోయినసారి రహ్మానినొవ్ మూడో భాగంలో క్లారినెట్ అనే ఊదే వాద్యం ఒంటరిగా పలికే ఘట్టం పూర్తయ్యేసరికి మాలో ఒకరు చీటీ మార్చేశారు.