మా మోలీల ఒంటిమీద తెల్లచుక్కలు

కొత్త మోలీ చేపలు రెండు తెచ్చి నేరుగా తొట్టిలో వదిలేశా, అదే తప్పు. నాలుగో రోజుకి నల్లదాని తోకమీద ఉప్పు చల్లినట్టు చుక్కలు. గులకరాళ్లకి ఒళ్లు రుద్దుకుంటోంది. ఇక్, తెల్లచుక్క జబ్బు. చేప చర్మం కింద దాక్కున్న పరాన్నజీవిని మందు తాకదు. అది రాలి, దాని పిల్లలు నీళ్లలో ఈదేటప్పుడే చస్తాయి. పరాన్నజీవి జీవితచక్రం త్వరగా తిరగాలని హీటర్ రోజుకో డిగ్రీ పెంచుతూ 30కి తెచ్చా. వేడికి ఆక్సిజన్ తగ్గుతుంది కదా, గాలిపంపు ఆపలేదు. మందుగా 40 లీటర్లకి 80 గ్రాముల కల్లుప్పు, విడిగా కరిగించి, రెండ్రోజుల్లో కొంచెం కొంచెంగా పోశా. (మోలీలు ఓర్చుకుంటాయి, ఉప్పు అంతగా పడని కోరీ చేపలుంటే ఇంత వెయ్యను.) రోజు విడిచి రోజు పావువంతు నీళ్లు అడుగునుంచి లాగి, కొత్తనీళ్లతో పాటు 20 గ్రాముల ఉప్పు. ఆరో రోజుకి చుక్కలు పోయాయి. అయినా ఇంకో వారం ఉప్పు, వేడి తగ్గించలేదు.