ఫస్ట్ కాపీ వాచీ కడప ఎండలో ఎన్నాళ్లు మన్నుతుంది, ఉన్నదాన్ని ఎట్లా కాపాడుకోవాలి

కువైట్ నుంచి వచ్చినవాళ్లు పెట్టె విప్పితే అత్తర్లు, దుప్పట్లు, చాక్లెట్లతో పాటు ఒకటో రెండో వాచీలు బయటపడటం మా కడప, రాయచోటి వైపు ఇళ్లల్లో మామూలే. నాకూ అట్లానే మా బావ ఒకటి తెచ్చిచ్చాడు. బంగారు రంగు, చైను పట్టీ, డయల్ మీద పెద్ద కంపెనీ పేరు. ఫస్ట్ కాపీ, అంటే పెద్ద కంపెనీ వాచీకి నకలు, అని బావ ఇచ్చేటప్పుడే చెప్పాడు కాబట్టి అందులో మోసం ఏమీ లేదు. కానీ అది ఎన్నాళ్లు వస్తుంది, ఏం చేస్తే ఇంకొన్నాళ్లు వస్తుంది అని సరిగ్గా చెప్పినవాళ్లే లేరు. అమ్మేవాళ్లను అడిగితే లైఫ్ లాంగ్ అంటారు, స్నేహితులను అడిగితే ఆరు నెలలకు పారేస్తావ్ అంటారు. నాలుగేళ్లు దాన్ని వాడి, వై.వి. స్ట్రీట్ వైపు ఒక వాచీ రిపేరు భాయ్ దగ్గర స్టూలు మీద కూర్చుని ఆయన విప్పే ప్రతి వాచీలోకీ తొంగిచూసి తెలుసుకున్నది రాస్తున్నా.

కొనమని మాత్రం చెప్పను. తప్పుడు ట్రేడ్‌మార్కు వేసిన సరుకు అమ్మితే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. అందుకే అమ్మేవాడు బిల్లు ఇవ్వడు, బిల్లు లేదంటే వారంటీ లేదు, రేపు ఆగిపోతే వెళ్లి అడగడానికి మనిషే ఉండడు. ఎవరో బహుమతిగా ఇచ్చారు, లేదా ఇప్పటికే కొనేశారు, అట్లాంటి వాళ్ల కోసం ఇది.

వాచీలో మిషన్ వేరు, ఒళ్లు (బయటి కేసు, పట్టీ) వేరు. మనం టెన్షన్ పడేది మిషన్ గురించి, కాపీ వాచీలో ముందు పోయేది ఒళ్లు. సెల్‌తో నడిచే క్వార్ట్జ్ మిషన్ చాలా మొండిది. లోపల సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికం, ఒక కాయిల్, నాలుగైదు చక్రాలు, అంతే. తడి తగలకపోతే అది ఏళ్ల తరబడి నడుస్తుంది, పోయినా రెండు మూడు వందల్లో మార్చేస్తారు. కేసు మీద పూత లేచిపోతే, పట్టీ పిన్ను దూరే రంధ్రం అరిగిపోతే మాత్రం దానికి మందు లేదు. నేను చూసినంతలో నాలుగైదు వందల వాచీ ఏడాది తిరిగేలోపు రంగు పోతుంది, రెండు మూడు వేలది జాగ్రత్తగా వాడితే మూడేళ్లు వస్తుంది, నిజంగా స్టీలు కేసు ఉన్నదైతే ఐదేళ్లు దాటినవి కూడా ఉన్నాయి. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, సెవెన్ ఏ అని చెప్పే గ్రేడులను లెక్కలోకి తీసుకోవద్దు. వాటిని తూచే కొలత ఎక్కడా లేదు, ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్తారు.

చేతికొచ్చిన వారంలోనే చేయాల్సిన పని, వెనక మూత తీయించి చూడటం. ముందు ఆ మూత మీద ఏం రాసుందో చదవండి. "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే ఆ మూత ఒక్కటే స్టీలు అని అర్థం, మిగతా కేసంతా జింకుతో పోత పోసిందో ఇత్తడిదో అయ్యుండొచ్చు. కొందరు అయస్కాంతం పెట్టి చూపించి ఇదిగో అతుక్కోలేదు, ఒరిజినల్ స్టీలు అంటారు. వాచీల్లో వాడే 316ఎల్ అనే మంచి రకం స్టీలుకు అయస్కాంతం అతుక్కోని మాట నిజమే, జింకుకూ ఇత్తడికీ కూడా అతుక్కోదు, కాబట్టి ఆ పరీక్షతో తేలేది ఏమీ లేదు. పట్టీ ఊడదీసి పిన్ను దూరే రంధ్రం లోపల టార్చి వేసి చూడండి. అక్కడ పూత సరిగ్గా అంటదు. రాగి రంగో పసుపో మాసిన బూడిద రంగో కనిపిస్తే అది పూత వేసిన కేసే.

మూత తీశాక మిషన్ మీద పేరుందా చూడాలి. డయల్ కింద జపాన్ అని ఉంటే నమ్మాల్సిన పని లేదు, లోపల మియోటా అనో సీకో అనో ఉంటే కొంచెం ధైర్యం. మియోటా 2035 అనేది సిటిజన్ వాళ్ల మిషన్, నెలకు 20 సెకన్లు అటూ ఇటూ, చవక వాచీల్లో కూడా చాలా కనిపిస్తుంది. పేరే లేకపోతే భయపడక్కర్లేదు, కానీ అందులో వచ్చిన సెల్‌ను ఆ రోజే తీసి పడేయించండి. చవక సెల్ ఎల్‌ఆర్626 అని ఉంటుంది, అది ఆల్కలైన్. అయిపోయాక కారుతుంది, ఆ కారిన క్షారం కాయిల్‌ను, రేకులను తినేస్తుంది. దాని బదులు ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ, అంటే 377 నంబరు సిల్వర్ ఆక్సైడ్ సెల్ అడగండి. కొలత ఒకటే, తేడా పదుల రూపాయలే, దగ్గరదగ్గర రెండేళ్లు వస్తుంది. చచ్చిన మిషన్ అని భాయ్ దగ్గరికి వచ్చేవాటిలో సెల్ కారి పోయినవే ఎన్నో చూశాను.

మూత తెరిచే ఉంది కదా, వాషర్ కూడా చూడమనండి. అంచు చుట్టూ ఉండే సన్నటి నల్ల రబ్బరు రింగు. కాపీల్లో అది పొడిగా, కొన్నిసార్లు మెలికపడి ఉంటుంది, కొన్నింట్లో అసలు ఉండదు. ఇరవై ముప్పై రూపాయలకు కొత్తది వేసి కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తారు. అయినా సరే, వెనక 30 మీటర్లు అని రాసుందని నీళ్లలోకి దిగొద్దు. ఒరిజినల్ వాచీకైనా 30 మీటర్లు అంటే చినుకులు, చేతులు కడిగేటప్పుడు పడే చుక్కలు, అంతవరకే. కాపీ మీద ఆ అంకె బొమ్మ లాంటిది, దాన్ని ఎవరూ పరీక్షించలేదు. పక్కన మూడు బటన్లు, డయల్‌లో మూడు చిన్న డయళ్లు ఉన్న మోడల్ అయితే ఇంకా జాగ్రత్త, ప్రతి బటన్ రంధ్రమూ నీళ్లకు ఒక దారి. భాయ్ ఐదు పూటలా వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసేటప్పుడు తన పాత హెచ్‌ఎంటీని కూడా తీసి జేబులో వేసుకుంటాడు, నేను ఎప్పుడు చూసినా అంతే.

అద్దం లోపల ఆవిరి పట్టిందంటే ఆ రోజే షాపుకు వెళ్లాలి. ఎండలో పెడితే ఆరిపోతుందిలే అనుకుంటారు, మూత తీయకుండా వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై డయల్ మీదే తిరిగి కూర్చుంటుంది. మూత తీయించి ఒక రాత్రి సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచితే చాలాసార్లు బతుకుతుంది.

ఎండ సంగతి. మే నెలలో కడపలో 43, 44 డిగ్రీలు. బండి ట్యాంకు మీద సంచిలోనో కారు డ్యాష్‌బోర్డు మీదో వాచీ పెడితే అది ఇంకెంత వేడెక్కుతుందో ఆలోచించండి. చాలా కాపీల్లో డయల్ మీద అంకెల గుర్తులు జిగురుతో అంటించినవే. నా వాచీ రెండో వేసవిలో ఆగిపోయింది. సెల్ మార్పించాను, ఒక గంట నడిచి మళ్లీ ఆగింది. వేరే షాపులో ఇంకో సెల్ వేయించాను, అదే కథ. చివరికి భాయ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత కంటికి భూతద్దం తగిలించుకుని, "అబ్బీ, ఎప్పుడు చూసినా అరగంటకు ముందే ఆగుతుందా?" అన్నాడు. అవును, ప్రతిసారీ 27, 28 నిమిషాల దగ్గరే. ఆరు దగ్గరున్న సన్నటి బంగారు గీత ఒక కొన లేచి నిలబడింది, నిమిషాల ముల్లు వచ్చి దానికి తగిలి ఆగుతోంది. సన్నటి పట్టకారుతో దాన్ని నొక్కిపట్టి గుండుసూది మొనంత జిగురు పెట్టాడు, అంతే, ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి వాచీ ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంటే సెల్లు మార్చుకుంటూ పోవద్దు, ముల్లుకు ఏం అడ్డం వస్తోందో ముందు చూపించండి.

చెమట ఎండకంటే మెల్లగా తింటుంది. మనకు చెమటలో ఉప్పు ఎక్కువ సేపు మణికట్టు మీద నిలుస్తుంది, పైన దుమ్ము చేరి పేస్టులా అవుతుంది, అది పూత కిందికి దారి చేసుకుంటుంది. ఇంటికి రాగానే తీసి, కొంచెం తడిపి పిండిన గుడ్డతో వెనక మూత, పట్టీ సందులు తుడిచి, పొడి గుడ్డతో ఒకసారి అద్దండి. రెండు నిమిషాల పని, రోజూ చేయాలి. సెంటు, అత్తరు కొట్టుకున్నాక ఆరనిచ్చి వాచీ పెట్టుకోండి. పూత పోయిన చోట చర్మం దురద పెడితే నికెల్ పడట్లేదని అర్థం, ఆ వాచీ ఇక పెట్టుకోకండి, నెయిల్ పాలిష్ పూసి నెట్టుకురావడం రెండు మూడు రోజుల ముచ్చటే.

దుమ్ము గురించి ఒక ముక్క. మన నాపరాయి దుమ్ముకు అద్దం మీద గీతలు పడవు, ఆ రాయి అద్దం కంటే మెత్తన. గీతలు పెట్టేది ఇసుక. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద (వజ్రం 10) ఇసుక 7, మామూలు అద్దం ఆరుకు లోపే, నీలమణి అద్దం 9. కాపీల్లో ఉండేది చాలావరకు మామూలు అద్దమే కాబట్టి చొక్కా కొనతో పొడిగా రుద్దకండి, ముందు ఊది, తర్వాత తడిగుడ్డతో తుడవండి.

పట్టీ విషయంలో పిసినారితనం వద్దు. వాచీ చేతి నుంచి జారి పగలడానికి కారణం చాలాసార్లు పది రూపాయల స్ప్రింగ్ పిన్ను. మొదటి వారంలోనే రెండు పిన్నులూ మంచి స్టీలువి వేయించండి. తోలు అని చెప్పిన పట్టీ రెగ్జిన్ అయితే ఒక్క వేసవికే పొక్కులు లేస్తుంది, 18, 20, 22 మిల్లీమీటర్లలో మీది ఏదో కొలిపించుకుని నైలానుదో సిలికానుదో మార్చేయండి.

సెల్ లేకుండా చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్ కాపీ అయితే లెక్క వేరు. అందులో నూనె సరిగ్గా వేసి ఉండదు, వేసింది మన వేడికి ఎండిపోతుంది. ఊపితే గలగలమంటే రోటర్ (చెయ్యి కదిలితే లోపల తిరిగే బరువు రేకు) స్క్రూ వదులైందని అర్థం, బుల్లెట్ బండ్ల మీద తిరిగేవాళ్ల వాచీల్లో ఇది చూశాను, వెంటనే బిగించకపోతే అది ఊడి లోపలంతా గీరేస్తుంది. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీ మార్చకండి, ఆ సమయంలో తేదీ చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ఉన్నట్టుండి రోజుకు పది నిమిషాలు ముందుకు పరిగెత్తితే ఫోను కవర్ అయస్కాంతమో స్పీకరో తగిలి ఉంటుంది, ఆ పట్టిన అయస్కాంత గుణాన్ని షాపులో ఒక్క నిమిషంలో తీసేస్తారు. పూర్తి సర్వీసుకు మాత్రం డబ్బు పెట్టకండి, సర్వీసు ఖర్చు వాచీ ధర దాటుతుంది, పార్టులూ దొరకవు.

పది, పదిహేను వందలు చేతిలో ఉండి ఇంకా ఏమీ కొననివాళ్లు సొనాటా చూడండి, కాసియో ఎఫ్-91డబ్ల్యూ చూడండి. ఆ కాసియో 1989 నుంచి వస్తోంది, ఒక్క సెల్ 7 ఏళ్లు అని కంపెనీయే చెప్తుంది, బిల్లు ఇస్తారు, వారంటీ ఇస్తారు.

పండగలకే పెట్టుకునే సెల్ కాపీ అయితే పక్కన టైము తిప్పే కీ బయటికి లాగి ఉంచితే ముళ్లు ఆగి సెల్ ఖర్చు తగ్గుతుంది. నెలల తరబడి బీరువాలో ఉండేదైతే సెల్ తీయించే దాచండి. కేసులో పిన్ను రంధ్రం దగ్గర గుంటలు పడి పిన్ను ఊగుతుంటే ఇక ఆ వాచీ అయిపోయినట్టే, రోడ్డు మీద జారిపోకముందే రిపేరు షాపులో ఇచ్చేయండి. మిషన్ బాగుంటే వాళ్లు తీసిపెట్టుకుంటారు, ఇంకొకరి వాచీలోకి పోతుంది.