నెట్ ఎక్కడ తెగిందో కమాండ్లతో కనిపెట్టడం: విండోస్, మ్యాక్, లినక్స్

వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. వెంటనే అందరం చేసే పని రౌటర్ ఆపి ఆన్ చేయడం. అది తప్పని కాదు కానీ, దాంతో నెట్ వచ్చినా తేడా ఎక్కడుందో తెలియదు. మీ కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా ఒక అంచె. అక్కడి నుంచి ప్రొవైడర్ లైన్ మీదుగా బయటి నెట్ దాకా ఇంకో అంచె. సైటు పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్, ఆ తర్వాత అవతలి సర్వర్. దగ్గర నుంచి దూరానికి ఒక్కో అంచె చూసుకుంటూ పోతే సమస్య దానంతటదే దొరుకుతుంది.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, మిగతా రెండింట్లో టెర్మినల్ తెరవండి. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

సమస్య: వైఫై కనెక్ట్ అయింది, ఒక్క సైటూ రావడం లేదు

ముందు మీ మెషీన్‌కు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) వచ్చిందో లేదో చూడండి. విండోస్‌లో 'ఐపీకాన్ఫిగ్', మ్యాక్‌లో 'ఐఎఫ్‌కాన్ఫిగ్', లినక్స్‌లో 'ఐపీ ఏ'. ఇళ్లలో అది సాధారణంగా 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే మాత్రం రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని, మెషీన్ తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అంటే తేడా ఇంట్లోనే ఉంది, ప్రొవైడర్‌కు ఫోన్ చేసి లాభం లేదు. విండోస్‌లో 'ఐపీకాన్ఫిగ్ /రిలీజ్', ఆ తర్వాత 'ఐపీకాన్ఫిగ్ /రెన్యూ' కొట్టండి. మ్యాక్‌లో వైఫై సెట్టింగ్స్‌లోనే డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రస్‌లు పంచే పద్ధతి) లీజును, అంటే అడ్రస్ వాడుకునే గడువును, రెన్యూ చేసే బటన్ ఉంటుంది. అయినా రాకపోతే రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందో లేదో, అది ఇచ్చే అడ్రస్‌లు అయిపోయాయేమో చూడాలి. హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో ఈ రెండోదాన్నే ముందు అనుమానించండి. పూల్‌లో, అంటే రౌటర్ పంచడానికి పెట్టుకున్న వరుసలో, యాభై అడ్రస్‌లుంటే యాభై ఒకటో ఫోన్‌కు ఏమీ మిగలదు. పూల్ పెంచి, లీజు సమయం తగ్గిస్తే సరిపోతుంది.

అడ్రస్ బాగానే ఉంటే రౌటర్‌కు పింగ్ కొట్టండి, అంటే ఉన్నావా అని అడిగి జవాబు వస్తుందేమో చూడండి. రౌటర్ అడ్రస్ విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ చూపించే డీఫాల్ట్ గేట్‌వే దగ్గర ఉంటుంది. లినక్స్‌లో 'ఐపీ ఆర్', మ్యాక్‌లో 'రూట్ -ఎన్ గెట్ డీఫాల్ట్' చెబుతాయి. 'పింగ్ 192.168.1.1' అంటే విండోస్ నాలుగుసార్లు అడిగి ఆగుతుంది. మ్యాక్, లినక్స్ కంట్రోల్ సి నొక్కేదాకా అడుగుతూనే ఉంటాయి, నాలుగు చాలనుకుంటే 'పింగ్ -సి 4' అనాలి. రౌటర్ జవాబిస్తే 'పింగ్ 8.8.8.8' కొట్టండి. అది గూగుల్ డీఎన్‌ఎస్ అడ్రస్. రౌటర్ పలికి ఇది పలకకపోతే తేడా రౌటర్ అవతలే. ఫైబర్ బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని రాసిన లైటు ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు సిగ్నల్ రావడం లేదన్నమాట. కేబుల్ ఎక్కడో తెగిందో, వంగిందో, కనెక్టర్ ఊడిందో. ఇక మీ చేతిలో పని లేదు, కంప్లయింట్ ఇవ్వండి.

సమస్య: పింగ్ ఏదో చెప్పింది, దాని అర్థం తెలియడం లేదు

పింగ్‌ను 1983లో అమెరికా సైన్యానికి చెందిన ఒక ప్రయోగశాలలో మైక్ మూస్ రాశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దాన్ని వాడేవాళ్లలో ఎక్కువమంది వచ్చిందా, రాలేదా అన్నదే చూస్తారు. అసలు సమాచారం అది చెప్పే మాటల్లో ఉంది.

విండోస్‌లో ఆఫీసు ప్రింటర్‌కు పింగ్ కొట్టారనుకోండి. నాలుగు లైన్లూ ఇలా వస్తాయి: 'రిప్లై ఫ్రమ్ 192.168.1.5: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్'. కింద లెక్కలో నాలుగు పంపితే నాలుగూ అందాయి, లాస్ 0% అని ఉంటుంది. అది చూసి ప్రింటర్ లైన్‌లోనే ఉందనుకుంటే మోసపోయినట్టే. ఆ 192.168.1.5 ఎవరిదో చూడండి, అది మీ కంప్యూటర్‌దే. ఆ అడ్రస్ గల ప్రింటర్ ఎక్కడా కనిపించలేదని మీ మెషీన్ మీకే చెప్పింది, విండోస్ దాన్నీ జవాబుగానే లెక్కేసింది. లినక్స్‌లో ఇదే పరిస్థితికి 100% లాస్ అని సరిగ్గా వస్తుంది. కారణం సాధారణంగా ప్రింటర్ ఆఫ్‌లో ఉండటం, లాన్ కేబుల్ ఊడటం, లేదంటే ప్రింటర్ ఐపీ మారిపోవడం. మూడోదైతే రౌటర్‌లో ప్రింటర్‌కు ఆ ఐపీ రిజర్వ్ చేసేయండి, మళ్లీ మారదు.

'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' వేరు. అడిగాం, జవాబు రాలేదు, అంతవరకే తెలుసు. లినక్స్ అయితే ఆ మాట కూడా అనదు, స్క్రీన్ ఖాళీగా ఉంటుంది, కంట్రోల్ సి నొక్కాకే లాస్ లెక్క కనిపిస్తుంది. ఇలా వస్తే సర్వర్ పడిపోయిందని తేల్చేయకండి. చాలా సర్వర్లు పింగ్‌కు కావాలనే పలకవు. పక్క టేబుల్ మీది విండోస్ ల్యాప్‌టాప్ కూడా ఫైర్‌వాల్ వల్ల మామూలుగా పలకదు. అలాంటప్పుడు పోర్టు (సర్వర్‌లో ఒక్కో సేవకు ఉండే నంబరు తలుపు) తట్టి చూడాలి. విండోస్ పవర్‌షెల్‌లో 'టీఎన్‌సీ', సైటు పేరు, '-పోర్ట్ 443'. మ్యాక్, లినక్స్‌లలో 'ఎన్‌సీ -వీజెడ్', సైటు పేరు, 443. పోర్టు తెరుచుకుంటే దారి బాగున్నట్టే.

'జనరల్ ఫెయిల్యూర్' అని వస్తే ప్యాకెట్ (మీరు పంపిన డేటా ముక్క) మీ మెషీన్ గడప కూడా దాటలేదు. వీపీఎన్ (మీ నెట్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్లించేది) ఉంటే ఆపండి, నెట్‌వర్క్ అడాప్టర్‌ను డిజేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేయండి.

సమస్య: 8.8.8.8 పలుకుతోంది, సైటు పేరు కొడితే రావడం లేదు

ఇది డీఎన్‌ఎస్ తేడా. 'ఎన్‌ఎస్‌లుకప్' పక్కన సైటు పేరు కొట్టండి, మూడింట్లోనూ పనిచేస్తుంది. జవాబు రాకపోతే అదే కమాండ్ చివర 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్ అడ్రస్) చేర్చండి. ఇప్పుడు వస్తే మీ డీఎన్‌ఎస్ సర్వర్ పనిచేయడం లేదు, రౌటర్‌లో వేరేది పెట్టుకోండి. రెండుసార్లూ సరైన జవాబే వచ్చి బ్రౌజర్ మాత్రం మొండికేస్తే పాత క్యాష్‌ను (మెషీన్ దాచిపెట్టుకున్న పాత జవాబులను) అనుమానించండి. విండోస్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్', ఉబుంటులో 'రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్'. హోస్ట్స్ ఫైల్ (సైటు పేర్లకు అడ్రస్‌లను మీ మెషీన్‌లోనే రాసిపెట్టే ఫైల్) కూడా ఒకసారి తెరిచి చూడండి, దాన్ని ఎన్‌ఎస్‌లుకప్ పట్టించుకోదు.

సమస్య: వీడియో కాల్‌లో మాట తెగిపోతోంది

రెండు విండోలు పక్కపక్కన తెరవండి. ఒకదాంట్లో రౌటర్‌కు, రెండోదాంట్లో 8.8.8.8కు ఆగకుండా పింగ్ పెట్టండి (విండోస్‌లో చివర '-టి' చేర్చాలి). కాల్ నడుస్తుండగానే చూడండి. రౌటర్ టైమే 2 మిల్లీసెకన్ల నుంచి 300కు ఎగిరిపడుతుంటే తప్పు వైఫైది. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి, వీలైతే కేబుల్ పెట్టండి. రౌటర్ నిలకడగా ఉండి రెండోది ఒక్కటే ఎగురుతుంటే లైనులో తేడా ఉంది, లేదా ఇంట్లో ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తున్నారు. అది ఆపించి మళ్లీ చూడండి.

ఇలాంటప్పుడు విండోస్‌లో 'ట్రేసర్ట్', మ్యాక్, లినక్స్‌లలో 'ట్రేస్‌రూట్' దారిలోని ఒక్కో రౌటర్‌నూ చూపిస్తాయి. మధ్యలో నక్షత్రాలు వచ్చినంత మాత్రాన కంగారు పడకండి, చివరి లైను వచ్చిందా లేదా అన్నది ముఖ్యం. ఏదో ఒక మెట్టు నుంచి చివరిదాకా అన్ని మెట్లలోనూ టైమ్ పెరిగితేనే అక్కడ తేడా ఉన్నట్టు. ఒక్క మెట్టులో పెరిగి తర్వాత తగ్గితే ఆ రౌటర్ ఇలాంటి జవాబులు తీరిక ఉన్నప్పుడు ఇస్తుందని మాత్రమే అర్థం.

అమెరికాలోని సర్వర్‌కు 230 మిల్లీసెకన్లు పడుతోందని ప్రొవైడర్‌ను తిట్టుకోవద్దు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సుమారు 13,000 కిలోమీటర్లు. తిన్నగా గీత గీసినట్టు కేబుల్ వేసినా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు పడుతుంది, అసలు కేబుళ్లేమో సముద్రాల్లో చుట్టూ తిరిగి వెళతాయి.

సమస్య: కొన్ని సైట్లు బాగానే ఉన్నాయి, ఆఫీసు వీపీఎన్ కనెక్టయి బిగుసుకుపోతోంది

పెద్ద ప్యాకెట్లు దారిలో పట్టడం లేదేమో చూడాలి. విండోస్‌లో 'పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 1.1.1.1', లినక్స్‌లో 'పింగ్ -ఎం డూ -ఎస్ 1472 1.1.1.1' (ఇక్కడ ఎం పెద్దక్షరం), మ్యాక్‌లో 'పింగ్ -డి -ఎస్ 1472 1.1.1.1' (డి పెద్దక్షరం). 1472కు హెడర్ల (ప్రతి ప్యాకెట్ ముందు చేరే చిరునామా వివరాల) 28 బైట్లు కలిపితే 1500. అది వెళ్లక 1464 వెళితే మీ లైను పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్టయ్యే పద్ధతి) అయ్యుండాలి, రౌటర్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492గా పెట్టండి. వీపీఎన్ తన హెడర్లు కూడా చేరుస్తుంది కాబట్టి దాని ఎంటీయూ ఇంకా తగ్గించాలి, 1400తో మొదలుపెట్టి చూడండి.

సమస్య: ఇంట్లో సీసీటీవీ కనిపిస్తోంది, ఊరెళితే కనిపించడం లేదు

పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాటిని రౌటర్ కెమెరాకు పంపేలా పెట్టడం) అంతా సరిగ్గానే చేశారా? అయితే 8.8.8.8కు ట్రేసర్ట్ కొట్టి రెండో మెట్టు చూడండి. అక్కడ 100.64 నుంచి 100.127 మధ్య అడ్రస్ ఉంటే, ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నట్టే. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ప్రొవైడర్ వైపు రౌటర్‌కున్న అడ్రస్) కూడా ఆ వరుసలోనే ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. రౌటర్‌లో ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా బయటివాళ్లు మీ ఇంటిదాకా రాలేరు. పబ్లిక్ ఐపీ కావాలని ప్రొవైడర్‌ను అడగాలి, లేదా కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్ వాడుకోవాలి.