వదిలేసిన కుందేళ్ళను కాపాడటం – 3వ పాఠం: వెంటపడకుండా పట్టడం

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. నాలుగు రోజులు పొద్దున్నే ఒకసారి, చీకటిపడే ముందు ఒకసారి కుందేళ్ళు తిరిగే అదే చోటికి వెళ్ళి, దూరంగా కూర్చుని, చూసిందంతా నోట్‌బుక్‌లో రాయమన్నాను. రాశారా? రాయకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. ఇవాళ చెప్పేదంతా ఆ నాలుగు పేజీల మీదే నడుస్తుంది.

రాసినవాళ్ళు ఒకసారి పేజీలు తిరగేయండి. మూడు విషయాలు తేలాలి. ఎన్ని ఉన్నాయి, ఏ వేళకు బయటికి వస్తున్నాయి, బెదిరితే ఎటు దూరుతున్నాయి. మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోది చాలామంది వదిలేస్తారు. పట్టే రోజు పని చెడేది మాత్రం దాని దగ్గరే. 'పొదలోకి పోయింది' అని రాస్తే చాలదు. ఏ పొద? దాని వెనక ఏముంది? గోడ కింద సందు ఉందా? ఉంటే అందులో మీ పిడికిలి పడుతుందా? పిడికిలి పట్టే సందులోంచి చిన్న కుందేలు హాయిగా వెళ్ళిపోతుంది. దానికి తల పట్టిందంటే ఒళ్ళు పట్టినట్టే.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు ఒక్క మాట. తెలుగులో అన్నిటినీ కుందేలు అనే అంటాం గానీ, అడవి కుందేలు వేరు, పెంపుడుది వేరు. తెలుపు, నలుపు, మచ్చలు, వేలాడే చెవులు, మెడ చుట్టూ జూలు ఇవన్నీ మనుషులు పెంచి తీసిన రకాలు. మట్టిరంగు ఒంటితో, పొడుగు కాళ్ళతో, మిమ్మల్ని చూడగానే మైదానం అవతలికి దూసుకుపోయేది అడవిది. దాని జోలికి పోకండి, అది ఉండాల్సిన చోటే ఉంది. పెంపుడువాటిలోనూ మట్టిరంగువి ఉంటాయి కాబట్టి ఒక్క రంగు చూసి తేల్చేయొద్దు. మొదటి పాఠంలో దీని గురించి వివరంగా ఉంది.

ఎందుకు వెంటపడకూడదు

'నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు' అని మొండివాళ్ళను చూసి అంటాం కదా. ఈ పనిలో మొండితనం అస్సలు పనికిరాదు. పైగా కాళ్ళు నాలుగే. అందులో వెనక రెంటితోనే మనకు పేచీ.

కుందేలు నక్కలూ డేగలూ కుక్కలూ అన్నీ తరిమి తినే ప్రాణి. దాని కళ్ళు తలకు చెరో పక్కన ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూతా కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందున్న కాస్త చోటే దానికి కనపడదు. మీరు వెనక నుంచి పిల్లిలా వెళ్తున్నాననుకుంటారు, అది మొదటి అడుగు నుంచీ మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. పరుగు మొదలైతే తిన్నగా పోదు, వంకరటింకరగా పోతుంది. మీరు ఓడిపోతారు.

ఓడిపోతే పోయింది, దాంతో అయిపోదు. నిన్నటిదాకా పది అడుగుల దూరంలో తింటూ కూర్చున్నది రేపు మిమ్మల్ని ముప్పై అడుగుల నుంచి చూసే లేచిపోతుంది. అంతకంటే ఘోరం, భయం ఎక్కువై తరుముడులోనే ప్రాణం పోవచ్చు. లేదా చేతికి చిక్కాక వెన్ను విరగవచ్చు. కుందేలు ఒంటి బరువులో ఎముకల వాటా 7, 8 శాతమే. పిల్లికి 12, 13 ఉంటుంది. ఎముక అంత తేలిక, వెనక కాళ్ళ కండ మాత్రం మహా బలం. నడుముకు ఆసరా లేకుండా ఎత్తితే గాల్లో ఒక్క తన్ను తన్నుకుంటుంది, ఆ తన్నుకే దాని వెన్ను విరుగుతుంది. చెవులు పట్టుకుని ఎత్తే బొమ్మలు చాలా చూసుంటారు. ఆ బొమ్మలు గీసినవాళ్ళు కుందేలును ఎప్పుడూ ఎత్తి ఉండరు.

తిండి రోజులు

కాపాడటం అంటే పట్టే అరగంటే అని కొత్తవాళ్ళ లెక్క. నా లెక్కలో ఆ ముందు వారమే అసలు పని.

రోజూ అదే వేళ, అదే చోటు, వీలైతే అవే బట్టలు. గడ్డి గుళికలు వేసిన డబ్బాను రెండుసార్లు గలగలలాడించండి, తిండి పెట్టండి, దూరంగా జరిగి కూర్చోండి. కొత్తిమీర, ఎండుగడ్డి, వాటి మీద గోరంత అరటిపండు ముక్క. అరటి వాసనకు లొంగని కుందేలును నేనింకా చూడలేదు. అలాగని పండంతా పెట్టేయొద్దు, తీపి ఎక్కువైతే దాని పొట్ట తిరగబడుతుంది. ఆ చోట ఇంకెవరైనా కూడా తిండి పెడుతుంటే వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. మీరు పట్టాలనుకున్న పొద్దున అది ఎక్కడో కడుపునిండా తిని వచ్చిందంటే మీ ఎర వైపు చూడనైనా చూడదు. స్థలం ఎవరిదైతే వాళ్ళ అనుమతి కూడా ఈ రోజుల్లోనే తీసుకోవాలి.

మూడో రోజు నుంచి కంచె పలకలు పరిచయం చేయాలి. నేను వాడేది కుక్కపిల్లల కోసం అమ్మే ఇనుప ప్లేపెన్, మడత తలుపుల్లా విప్పుకునేది. మూడో రోజు ఒక్క పలక తిండికి పక్కన నిలబెట్టి వదిలేయండి. మర్నాడు రెండు. వారం తిరిగేసరికి మూడు వైపులా పలకలు, లోపల తిండి, ఒక వైపు తెరిచి ఉండాలి. రాత్రిపూట ఎవరూ ఎత్తుకుపోని చోటైతేనే వదిలేయండి, లేదంటే రోజూ తెచ్చి పెట్టుకోవాల్సిందే.

ఎప్పుడు సిద్ధమైనట్టు? దీనికి ఒక గుర్తుంది. కుందేలు గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. తనది అనుకున్న వస్తువుకు గడ్డం రుద్ది పోతుంది. మొదటి రోజు పలకను చూసి మెడ చాచి, వెనక కాళ్ళు అక్కడే ఉంచి, ముందు కాళ్ళతో మాత్రమే దగ్గరికి జరిగి వాసన చూస్తుంది. ఒళ్ళు సాగదీసిన రబ్బరులా ఉంటుంది. కాస్త గాలి వీచినా వెనక్కి గెంతుతుంది. నాలుగైదు రోజులకు అదే కుందేలు తింటూ తింటూ ఆగి, పలక అంచుకు గడ్డం ఒకసారి అలా రాసి మళ్ళీ తిండిలో పడుతుంది. అది చూశారా, ఇక మీ కంచె దాని సొంత ఇంటి సామాను.

వారం పది రోజులు పట్టినా పర్వాలేదు గానీ నెలలు సాగదీయకండి. చూలు 31 రోజులే. ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. 2023లో అమెరికాలో, ఫ్లోరిడాలోని విల్టన్ మానర్స్ అనే ఊళ్ళో వీధుల్లో జూలు కుందేళ్ళు డజన్ల కొద్దీ తిరుగుతుండటం వార్తలకెక్కింది. అవన్నీ ఎవరో ఒకరు ఇల్లు మారుతూ వదిలేసిన వాటి సంతానం. స్థానికులూ కాపాడేవాళ్ళూ కలిసి వాటిని పట్టి పెంపకానికి పంపాల్సి వచ్చింది.

గోడ కట్టడం

ప్లేపెన్ ఒక సెట్‌లో మామూలుగా 8 పలకలు, ఒక్కోటి సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు. రెండు సెట్లు కలిపి క్లిప్పులు వేస్తే తొమ్మిదిన్నర మీటర్ల గోడ. దాన్ని గుండ్రంగా చుడితే మూడు మీటర్ల అడ్డకొలత ఉన్న వలయమే వస్తుంది. అదే వెనక ఒక నిజం గోడ ఉండి, దానికి ఆనించి అరచందమామలా పెడితే ఆరు మీటర్ల మేర కవరవుతుంది. అందుకే మొదటి నుంచీ తిండి గోడవారనే పెట్టమంటాను. ఎత్తు 90 సెంటీమీటర్లయితే మంచిది, తక్కువైతే బెదిరింది దూకేస్తుంది. పిల్లలుంటే అడుగున చిన్న కన్నాల జాలీ కట్టండి, లేదంటే చువ్వల మధ్యలోంచే పోతాయి.

ఇంటి దగ్గర దీన్ని బంతితో సాధన చేయాలి. నవ్వకండి. ఇద్దరు గోడ రెండు కొసలూ పట్టుకోండి, మూడోవాళ్ళు మధ్యలో ఉండండి. నాలుగోవాళ్ళు లోపల నుంచి చిన్న బంతిని నేలబారుగా తన్నుతుంటారు. గోడను నేల మీద ఈడుస్తూ వలయం చిన్నది చేయాలి. బంతి బయటికి రాకూడదు. మొదటిసారి కచ్చితంగా వస్తుంది, అదీ ఎవరో ఒకరు పలకను రెండంగుళాలు పైకెత్తిన చోటు నుంచే.

నా మొదటి పట్టు అలాగే పోయింది. తెలుపు మీద గోధుమరంగు మచ్చలున్న ఆడది. తొమ్మిది రోజులు తిండి పెట్టాను. వలయం కలవడానికి ఇంకా నాలుగడుగులుంది. నా పలక ఒక రాయికి తగిలింది. రాయి దాటిద్దామని పలకను కొంచెం ఎత్తాను, అంతే. కాలి పక్కన ఏదో మెత్తగా తగిలినట్టయింది, కిందికి చూసేసరికి ఖాళీ. అది మళ్ళీ నా డబ్బా చప్పుడుకు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు తిండి రోజుల్లోనే ఆ చోట రాళ్ళు ఏరేస్తాను, సందులన్నీ ఇటుకలతో మూసేస్తాను.

పట్టే పొద్దున

నలుగురు చాలు. ఒక్కరే మాట్లాడాలి, అదీ మెల్లగా. ఫోన్లు సైలెంట్. తెల్లవారుజామున వెళ్ళండి. వాటికి అది ఆకలి వేళ, ఎండ కూడా ఉండదు. కుందేలుకు చెమట పట్టదు, చెవుల మీంచే వేడి బయటికి పోవాలి. 28 డిగ్రీలు దాటిన ఎండలో కంగారుపెడితే వడదెబ్బకు పడిపోతుంది.

డబ్బా చప్పుడు, తిండి, దూరం జరగడం, అంతా రోజూలాగే. అది తల వంచి తినడం మొదలుపెట్టాక కొసల దగ్గరున్నవాళ్ళు నడవాలి. దాని వైపు కాదు, ఒకరి వైపు ఒకరు. కళ్ళు దాని మీద పెట్టకండి.

మధ్యలో ఎక్కడో అది నమలడం ఆపుతుంది. చెవులు నిక్కబొడుచుకుంటాయి, ముక్కు అదరడం కూడా ఆగిపోతుంది. కొన్నిసార్లు వెనక కాలితో నేలను దబ్బున ఒక్క దెబ్బ కొడుతుంది. అది మిగతావాటికి హెచ్చరిక. అక్కడే ఆగిపోండి. టెన్షన్‌లో ఇంకో రెండడుగులే కదా అనిపిస్తుంది, వేయకండి. మనసులో వంద లెక్కపెట్టండి. ముక్కు మళ్ళీ అదరడం మొదలైతే మీరూ కదలవచ్చు.

కొసలు కలిసి క్లిప్పు పడ్డాక ఊపిరి తీసుకోండి. ఇక తొందరేమీ లేదు. వలయాన్ని మెల్లగా మీటరు వెడల్పుకు తెచ్చి, పిల్లుల్ని తీసుకెళ్ళే ప్లాస్టిక్ పెట్టెను తలుపు తీసి లోపల పెట్టండి. పైన ముదురు రంగు తువ్వాలు కప్పండి. చీకటి గూడులా కనిపిస్తే చాలాసార్లు తనంతట తనే వెళ్ళి కూర్చుంటుంది. వెళ్ళకపోతే మీరు లోపల మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీద తువ్వాలు వేసి, ఒక చెయ్యి ఎద కిందికి, రెండోది పిర్రల కిందికి పోనిచ్చి, మీ పొట్టకు అదుముకుని ఎత్తండి. తల మీ మోచేతి మడతలో ఉండాలి. వెల్లకిలా తిప్పొద్దు. వెల్లకిలా పెడితే కదలకుండా ఉంటుంది నిజమే, కానీ అది భయంతో బిగుసుకుపోవడం.

బోను సంగతి చాలామంది అడుగుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు, పలకలు పట్టని ఇరుకు చోట్లలో బోనే గతి. కానీ పెట్టి ఇంటికి పోవడం మాత్రం ఒప్పుకోను. తలుపు పడ్డ నిమిషంలోనే గుడ్డ కప్పేంత దగ్గరలో ఉండాలి.

చిక్కింది ఆడదైతే పొట్ట చూడండి. చన్నుల చుట్టూ బొచ్చు ఊడి, పాలు చేపి ఉంటే ఎక్కడో గూడుంది. నోట్‌బుక్‌లో 'నోట్లో గడ్డి కరుచుకుని పోయింది' అని ఎక్కడైనా రాశారా చూడండి. గూడు అటే. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలే పాలిచ్చి పోతుంది కాబట్టి గూటి దగ్గర తల్లి కనపడకపోవడం మామూలే. ఇప్పుడు మాత్రం తల్లి మీ పెట్టెలో ఉంది. ఆ రోజే పిల్లల్ని వెతికి, గూట్లోని బొచ్చుతో సహా తెచ్చి తల్లికి అప్పగించాలి.

చిక్కిన వెంటనే ఆడా మగా విడిగా పెట్టెల్లో పెట్టండి, తోబుట్టువులైనా సరే. వెనక భాగం తడిగా ఉండి ఈగలు వాలుతుంటే బొచ్చు విడదీసి చూడండి. పురుగులు కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి. ఇంట్లో వేరే కుందేళ్ళుంటే 14 రోజులు వాటి గది వైపు కూడా తీసుకెళ్ళొద్దు.

ఈ వారం పని

మీరు చూస్తున్న చోటు పటం గీయండి. గోడ ఎటుంది, తిండి ఎక్కడ, పిడికిలి పట్టే సందులు ఎన్ని, పలకలు ఎన్ని కావాలి అన్నీ కొలతలతో. బంతి సాధన వరసగా పదిసార్లు బంతి బయటికి రాకుండా పూర్తి కావాలి. తొమ్మిదోసారి వస్తే మళ్ళీ ఒకటి నుంచి. తిండి రోజులు మొదలుపెట్టినవాళ్ళు, మొదటిసారి పలకకు గడ్డం రుద్దిన తేదీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

నాలుగో పాఠం: మొదటి రాత్రి. ఏం తింది, ఎన్ని గోలీలు (పెంటికలు) వేసింది, పన్నెండు గంటలు ఏమీ ముట్టకపోతే ఏం చేయాలి.