గేటు గుంజ పాతడం: కర్రపని పాఠాలు, మూడో భాగం

గత పాఠంలో గుంజకు తగిన కర్రను ఎంచుకోవడం నేర్చుకున్నాం. అందులోని ఒక్క మాటను ఇక్కడ మళ్ళీ గుర్తు చేయాలి. ఎంత పేరున్న కర్రకైనా బెరడు కింది తెల్లచెక్కకు మన్నిక లేదు, మన్నేది లోపలి చేవ మాత్రమే. దెహ్రాదూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల మందం గల కర్రలను సగం వరకు నేలలో పాతి, సగటున 120 నెలలు లేదా అంతకు మించి నిలిచిన జాతులను మొదటి తరగతిగా లెక్కిస్తారు. టేకు ఆ తరగతిలోనిదే. కానీ ఆ లెక్క చేవకు చెందినది. పొలం గట్టున పెంచి పదేళ్ళకే కొట్టిన టేకు మొద్దును కోసి చూస్తే తెల్లచెక్కే ఎక్కువగా కనిపిస్తుంది.

గుంజ ఎక్కడ పుచ్చుతుందో తెలిస్తే దానిని ఎలా పాతాలో సగం తెలిసినట్లే. కర్రను తినే బూజుకు తడీ కావాలి, గాలీ కావాలి. లోతున తడి ఉన్నా గాలి తక్కువ. పైన గాలి ఉన్నా వాన వెలిసిన కొద్దిసేపటికే కర్ర ఆరిపోతుంది. రెండూ కలిసే చోటు నేల మట్టానికి జానెడు కిందా, బెత్తెడు పైనా ఉండే భాగం. దీనిని ఈ పాఠంలో గుంజ మెడ అందాం.

మా పెరటి గేటుకు నేను పాతిన మొదటి గుంజ ఆ మెడ దగ్గరే విరిగింది. గట్టిగా ఉండాలని గుంతలో అడుగు నుంచి అంచు దాకా కాంక్రీటు పోయించాను. ఎండలకు కర్ర కుంచించుకుని, దానికీ కాంక్రీటుకూ మధ్య గోరు దూరేంత సందు ఏర్పడింది. ప్రతి వానకూ ఆ సందులోకి దిగిన నీరు అడుగున దారి లేక గిన్నెలో నిలిచినట్లు నిలిచింది. నాలుగో ఏట గేటు ఒరిగాక తవ్వి చూస్తే, అడుగున ఉన్న ముక్క సుత్తితో కొడితే ఖంగుమంటోంది, మెడ మాత్రం వేలితో నొక్కితే నానిన అటుకుల్లా నలిగిపోయింది.

కాబట్టి గుంత పని నీటికి దారి చూపడంతో మొదలవుతుంది. అయిదడుగుల ఎత్తున నిలవాల్సిన గుంజకు ఎనిమిదడుగుల కర్ర తీసుకొని మూడడుగులు నేలలోకి దించాలి. అడుగున కంకరకు మరో అర అడుగు కలిపి గుంతను మూడున్నర అడుగులు తవ్వాలి. గుంజ ఆరంగుళాల మందం ఉంటే గుంత వెడల్పు పదహారు అంగుళాలు చాలు; అంతకన్నా వెడల్పయితే దిమ్మిస చేసే పని పెరుగుతుంది. గడ్డపారతో తవ్వేటప్పుడు పైమట్టిని, లోపలి మొరాన్ని వేర్వేరు కుప్పలుగా పోయాలి. వేర్లు, ఆకులు కలిసిన పైమట్టి చెదలకు విందు, అది తిరిగి గుంతలోకి పోకూడదు. అడుగున 40 ఎంఎం కంకర అర అడుగు పరిచి, దానిపై గుంజ మొదలును నేరుగా నిలపాలి. దాని కింద సిమెంటు వేయకూడదు.

దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు చెల్కల్లో కింద మొరం తగులుతుంది కనుక ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింది నల్లరేగడిలో మాత్రం ఇదే గుంత చిన్న బావిగా మారుతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న మట్టి నీటిని వదలదు. పైగా ఆ నేల తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి గుంజను కదిలిస్తుంది. అక్కడ కర్రను నేలలో పాతకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు రాతి కడీలను పాతి, వాటి నడుమ కర్రను నేలకు రెండంగుళాల ఎత్తున ఉంచి, ఆరపార బోల్టులతో బిగిస్తే మెడ అన్నదే ఉండదు.

పాతే ముందు కర్ర బాగా ఆరి ఉండాలి, పచ్చికర్ర నూనెనుగానీ తారునుగానీ పీల్చదు. మెడకు, మొదలు కోతకు క్రియోసోటు నూనెను వేడిగా రెండు మూడు పూతలు వేసి ఆరనివ్వాలి. బండి ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ పూయడం మన వైపు వాడుకలో ఉంది గానీ, అది నేలను, పక్కనే బావి ఉంటే ఆ నీటిని పాడుచేస్తుంది. నేను వాడను. మొదలును మంటపై నల్లగా కాల్చినా అది పైపొర వరకే. కాలిన చోట పగుళ్ళు విచ్చితే తడి వాటి గుండానే లోపలికి పోతుంది.

ఇక నిలబెట్టడం. గేటు బరువు కబ్జాల ద్వారా గుంజ కొసను తన వైపు లాగుతుంది. అంటే నేలలో పైభాగాన గుంజ గేటు వైపు మట్టిని నెడుతుంది, అడుగున దానికి ఎదురు వైపు నెడుతుంది. అందువల్ల అడుగున గేటుకు అవతలి పక్క ఒక పలక రాయి, పైన నేల మట్టానికి నాలుగంగుళాల కింద గేటు వైపు మరొక పలక రాయి నిలువుగా గుంజకు ఆనించి పెట్టాలి. ఈ రెండు రాళ్ళు ఒక తట్టెడు సిమెంటు కన్నా ఎక్కువ పని చేస్తాయి. దారానికి గుండు కట్టి పక్కపక్క ముఖాలు రెండింటి మీదా నిలువు చూసుకున్నాక, మొరాన్ని అర అడుగు చొప్పున పోసి, ముద్ద కట్టేంత మాత్రమే తడిపి, దిమ్మిసతో కొట్టాలి. వదులు మట్టి మీద దెబ్బ మెత్తగా పడుతుంది. గట్టిపడ్డాక చప్పుడు మారి దిమ్మిస పైకి ఎగురుతుంది. ఆ చప్పుడు వినేదాకా తరువాతి పొర పోయకండి. ప్రతి పొరకూ గుండు మళ్ళీ వేలాడదీయాలి, ఎందుకంటే సగం నింపాక ఒరిగిన గుంజను సరిచేయడం మొదటి నుంచి తవ్వడంతో సమానం.

చివరి పొరను గుంజ చుట్టూ రెండంగుళాల ఎత్తున దిబ్బగా, నీరు బయటికి జారేలా చేయాలి. గుంజ కొసను ఏటవాలుగా కోసి రేకు టోపీ తొడగాలి; అడ్డంగా కోసిన కొస వాననీటిని పక్కముఖాల కన్నా చాలా వేగంగా పీలుస్తుంది. వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరులో ఒకసారి ఆ దిబ్బను జానెడు లోతు గీకి, మెడలోకి మేకు గుచ్చి చూడండి. మేకు దిగకపోతే మట్టి తిరిగి కప్పి కొట్టండి.

వచ్చే పాఠంలో గేటు వేలాడదీస్తాం. అప్పటికి గుంజల మధ్య దూరాన్ని పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలిచి రాసి ఉంచుకోండి.