గట్టిపడ్డ సిలికాన్ వదిలించడం – 3వ పాఠం: గాజు మీద మిగిలే పొర

పోయిన పాఠంలో షోకేసు గాజు మీది పాత సిలికాన్ సీలెంట్‌ని (సందులు మూసే జిగురుని) బ్లేడుతో గీకేశాం. కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది. ఓసారి నీళ్లు చల్లి చూడండి. నీరు పరుచుకోకుండా చుక్కలుగా ముడుచుకుంటోందంటే పొర ఇంకా ఉన్నట్టే. దాని మీద కొత్త సీలెంట్ వేస్తే, అంచు పట్టుకుని లాగగానే పట్టీలా ఊడొచ్చేస్తుంది.

థిన్నర్‌తో తుడిస్తే పోదు. గట్టిపడ్డ సిలికాన్‌లో పొడవాటి అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ద్రావకం వాటి మధ్య దూరి ఉబ్బిస్తుందే గానీ తెంచలేదు. ఫిల్లర్ (గట్టిదనం కోసం వేసే పొడి) కలపని సిలికాన్ ముక్క 100 మి.మీ. ఉంటే టొలీన్ అనే ద్రావకంలో 130 దాకా సాగుతుంది, ఆరాక మామూలైపోతుంది. అసిటోన్‌లో 106 దగ్గరే ఆగుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో సాధారణంగా ఉండేది ఈ అసిటోనే కాబట్టి ఆ చిట్కా దండగ.

తెగాల్సింది సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్య బంధం. చిక్కేమిటంటే గాజులో ఉన్నదీ అదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్టిక్ పొటాష్ అనే ఘాటైన క్షారం కలిపి వాడితే సీలెంట్ తెగుతుంది, దాంతోపాటు గాజూ మసకబారుతుంది. అందుకే ఇక్కడ ఆమ్లం వాడాలి: డిటర్జెంట్ చేసేవాళ్లు కొనే యాసిడ్ స్లర్రీ. దాని అణువుకి నూనెలాంటి తోక ఉంటుంది కాబట్టి మినరల్ టర్పెంటైన్‌లో (పెయింట్ పలచన చేసే ద్రావకంలో) కరిగి సిలికాన్‌లోకి దిగుతుంది.

పొడి గాజు సీసాలో 90 మి.లీ. మినరల్ టర్పెంటైన్ పోసి, 10 మి.లీ. స్లర్రీ కలపండి. గాజునీ పూర్తిగా ఆరబెట్టండి. తడి ఉంటే ఆమ్లం నీటినే పట్టుకుంటుంది, సిలికాన్ జోలికి పోదు. ఆ మిశ్రమంలో గుడ్డ తడిపి పొర మీద పరిచి, పైన పాలిథిన్ కప్పి గంట వదలండి. పొర జిగురుగా మారితే ప్లాస్టిక్ రేకుతో నెట్టేయండి. అద్దం వెనక పూత, అల్యూమినియం చానల్, పాలరాయి దగ్గర మాత్రం ఇది వద్దు.

మినరల్ టర్పెంటైన్ ఆవిరి 40 డిగ్రీల ప్రాంతంలోనే నిప్పందుకోగలదు. మే నెల మధ్యాహ్నం బెజవాడలో షట్టర్ వేసిన కొట్టు అంత వేడెక్కడం వింతేమీ కాదు. తెల్లవారుజామున, తలుపులు తీసి, నైట్రైల్ గ్లవ్స్, కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని చేయండి. దగ్గర్లో పొయ్యి, గ్రైండర్ ఉండకూడదు.

చాలామంది చెడగొట్టుకునేది తుడిచేటప్పుడే. తెగిన ముక్కలు సిలికాన్ నూనెగా గాజు మీదే ఉంటాయి. పైగా ఆ ఆమ్లం బంధాల్ని తెంచడమే కాదు, తిరిగి అతికించగలదు కూడా. కాబట్టి కొత్త టర్పెంటైన్‌తో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడవండి. ఆ తర్వాత సబ్బునీళ్లు, మంచినీళ్లు, చివర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఆరాక మళ్లీ నీళ్లు చల్లండి. ఎక్కడ చుక్క కడితే అక్కడే ఆరబెట్టి, మిశ్రమంలో తడిపిన గుడ్డ ఇంకో అరగంట వేయండి.