పొగ చూసి పారిపోకండి: పాత కె100 ఆర్‌టీ కొనేవాళ్లకు సమస్యలు, పరిష్కారాలు

బీఎండబ్ల్యూ కె100 ఆర్‌టీ కోసం రోడ్డు మీద తలతిప్పి చూసేవాళ్లు ఇప్పుడు జర్మనీలోనే లేరు. 1984 నుంచి 1989 దాకా బెర్లిన్ స్పాండావ్ ఫ్యాక్టరీలో తయారైన బండి. 987 సీసీ, నాలుగు సిలిండర్లు, 90 హార్స్‌పవర్, చైన్ బదులు షాఫ్ట్. ముందు బీరువా తలుపంత ఫెయిరింగ్ (గాలికి అడ్డంగా ఉండే తొడుగు), వెనక రెండు పెట్టెలు. ఇంజన్ ఆకారం చూసి జనం ‘ఎగిరే ఇటుక’ అని పేరు పెట్టారు. కుర్రాళ్లు కె100లు కొని, ఉన్నవన్నీ పీకేసి కెఫే రేసర్లు (పాత రేసు బండ్లలా కనిపించే బోడి బండ్లు) చేసుకుంటున్నారు కానీ, ఫెయిరింగ్‌తో నిండుగా ఉన్న ఆర్‌టీని అడిగేవాళ్లు తక్కువ. మంచి లాప్‌టాప్ ధరకు దొరుకుతుంది. ఉద్యోగానికో చదువుకో ఇక్కడికి, అంటే జర్మనీకి వచ్చి, ఈ బండి మీద కన్నేసిన మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఇండియా లైసెన్స్ ఇక్కడ కాపురం పెట్టిన ఆరు నెలల వరకే చెల్లుతుంది, కాబట్టి ముందు ఆ పని చూసుకోండి.

ఇంకో మాట. చూడటానికి వెళ్లేముందే అమ్మే ఆయనకు ఫోన్ చేసి, “నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి” అని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఆయన ఏదో దాస్తున్నట్టే అనుకుని మిగతాది చూడండి.

స్టార్ట్ చేయగానే పొగ కమ్మేసింది

నేను చూసిన మొదటి ఆర్‌టీ ఇలాగే చేసింది. సైడ్ స్టాండ్ మీదున్న బండికి సెల్ఫ్ కొట్టగానే నీలం తెలుపు కలిసిన పొగ, దోమల మందు బండి వచ్చినట్టు వీధంతా పరుచుకుంది. ఇంజన్ పోయిందనుకుని దండం పెట్టి వచ్చేశాను. అది నా తెలివితక్కువతనం.

ఈ ఇంజన్‌లో సిలిండర్లు నిలబడి ఉండవు, ఎడమవైపుకి పడుకుని ఉంటాయి. బండి సైడ్ స్టాండ్ మీద వాలినప్పుడు క్రాంక్ వైపున్న ఆయిల్ పిస్టన్ రింగుల సందుల్లోంచి మెల్లగా సిలిండర్లలోకి జారుతుంది. మర్నాడు స్టార్ట్ చేస్తే అదే కాలి పొగగా వస్తుంది. రోగం కాదు, పడుకున్న తీరు అది.

దీనికి మందు సెంటర్ స్టాండ్. రాత్రంతా సెంటర్ స్టాండ్ మీద పెడితే పొగ చాలావరకు పోతుంది. అయితే ఒక పరీక్ష తప్పనిసరి. పది పదిహేను నిమిషాలు నడిపి, ఇంజన్ బాగా వేడెక్కాక చూడండి. పొగ లేకపోతే నిశ్చింత. థ్రాటిల్ వదిలి మళ్లీ తిప్పినప్పుడల్లా నీలిపొగ వస్తుంటే వాల్వ్ సీల్స్ అరిగినట్టు, లేదా రింగులే పోయినట్టు. తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) సిలిండర్లోకి వెళ్తోంది. ఈ రెండిట్లో ఏది కనిపించినా వదిలేయండి.

పొగ లేదు, కానీ ముందు చక్రం వెనక నేల మీద చుక్కలు

రెండో బండికి పొగ రాలేదు, అందుకే కొన్నాను. నేల మీద రూపాయి బిళ్లంత మరక చూసి కూడా “పాత బండి కదా” అని సర్దిచెప్పుకున్నాను. నన్ను నెల రోజులు నడిపించింది ఆ మరకే, అదీ బస్ స్టాప్ దాకా.

ఇంజన్ ముందు భాగంలో నీళ్ల పంపు, ఆయిల్ పంపు ఒకే షాఫ్ట్ మీద, ఒకే పెట్టెలో ఉంటాయి. నీళ్లు, ఆయిల్ కలిసిపోకుండా మధ్యలో రెండు సీల్స్, వాటి మధ్య నుంచి కిందికి ఒక చిన్న రంధ్రం. ఏ సీల్ అరిగినా ఆ రంధ్రంలోంచి కారుతుంది. అంటే ఆ రంధ్రం ఉన్నదే మనకు చెప్పడానికి. ఎంసీల్ పెట్టి మూసేయాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బయటికి దారి లేకపోతే నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి, అప్పుడు ఇంజన్ మొత్తం బలి.

వేలు పెట్టి చూడండి. నీలంగానో ఆకుపచ్చగానో పల్చగా ఉంటే నీళ్ల వైపు సీల్, నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ వైపు సీల్. ఏది పోయినా రెండూ కలిపి మార్చడమే లాభం. విప్పే శ్రమ ఒకటే కదా. పంపులో అరుగుదల ఎక్కువైతే పంపే మార్చాలి. బేరంలో ఈ ఖర్చు తగ్గించమని అడగండి, అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

వెనక చక్రం రిమ్ మీద ఆయిల్ చారలు ఉంటే అది ఫైనల్ డ్రైవ్ (షాఫ్ట్ చివర చక్రాన్ని తిప్పే గేర్ల పెట్టె) సీల్. టైరు మీదికి, బ్రేకు మీదికి ఆయిల్ పాకుతుంది కాబట్టి ఆ బండిని నడిపి ఇంటికి తేవద్దు.

సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, ఇంజన్ కదలదు

ఎక్కువగా చలికాలంలో, చాలాకాలం నడపని బండ్లలో కనిపిస్తుంది. స్టార్టర్‌ను ఇంజన్‌తో కలిపే స్ప్రాగ్ క్లచ్‌లోని చిన్న దిమ్మెలు పాత ఆయిల్ జిగురుకు అతుక్కుపోయి పట్టు దొరకదు. మొదట చవకైన వైద్యం చేయండి. ఎలాగోలా స్టార్ట్ చేసి, వేడెక్కాక ఆయిల్ దించి, కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ మార్చండి. చాలా బండ్లు దీంతోనే దారిలో పడతాయి. వినకపోతే గేర్‌బాక్స్, క్లచ్ దించి లోపలికి వెళ్లాల్సిందే.

అసలు సెల్ఫే కొట్టకపోతే క్లచ్ నొక్కి చూడండి. అప్పుడు కొడితే గేర్ ఇండికేటర్ స్విచ్ అనుమానం. న్యూట్రల్‌లో ఉన్నా మీటర్లో ఆ సంగతి కనపడదు, గేరు అంకెలు పిచ్చిగా మారుతుంటాయి. గేర్‌బాక్స్ వెనకున్న ఆ స్విచ్‌లోకి తడి చేరుతుంది. కనెక్టర్ శుభ్రం చేస్తే కొన్నిసార్లు సరిపోతుంది.

గేర్లు గట్టిగా పడుతున్నాయి, క్లచ్ పూర్తిగా విడవట్లేదు

కేబుల్ సరిగ్గా బిగించినా ఇలాగే ఉంటే గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్లు ఎండిపోయినట్టు. క్లచ్ ప్లేటు ఆ పళ్ల మీద జారాలి, గ్రీజు లేక రాపిడికి పళ్లే అరుగుతాయి. గ్రీజు పెట్టాలంటే వెనక చక్రం, స్వింగ్ ఆర్మ్, గేర్‌బాక్స్ అన్నీ దించాలి. ఒక శనివారమంతా పోతుంది. అందుకే చాలామంది వాయిదా వేస్తారు.

కాబట్టి అమ్మే ఆయన్ని ఒకే ప్రశ్న అడగండి: “ఫెర్‌త్సానుంగ్‌కు (ఆ పళ్లకు జర్మన్‌లో పేరు) గ్రీజు ఎప్పుడు పెట్టారు?” తేదీ, కిలోమీటర్లు తడుముకోకుండా చెప్పాడంటే ఆయన బండిని చూసుకున్న మనిషి. “అదేంటి?” అన్నాడంటే మీరే చూసుకోవాలి. గేర్‌బాక్స్ ఎలాగూ దించితే స్ప్రాగ్ క్లచ్ కూడా అప్పుడే చూడండి.

ఐడిలింగ్ నిలవదు, ఎత్తు ఎక్కుతుంటే దగ్గుతోంది

పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. కంపనం తట్టుకోవడానికి దాని చుట్టూ ఒక రబ్బరు తొడుగు. ముప్పై నలభై ఏళ్లు పెట్రోల్లో నానిన ఆ రబ్బరు కరిగి తారులా మారుతుంది, పోయి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. అడుగున నల్లటి ముద్దలుంటే రబ్బరు, ఫిల్టర్, లోపలి పైపులు మొత్తం మార్చాలి. ఆ పైపులు పెట్రోల్లో మునిగి ఉండే రకమే కావాలి. మామూలు పెట్రోల్ పైపు లోపలి వైపు పెట్రోల్‌ను తట్టుకుంటుంది కానీ, బయటి వైపు తట్టుకోదు.

ట్యాంకు శుభ్రంగా ఉండి ఐడిలింగ్ మాత్రమే ఎగిరిపడుతుంటే ఇంజన్ పైన క్రాంక్‌కేస్ బ్రీదర్ రబ్బరు పైపు పగిలి గాలి పీలుస్తుండొచ్చు. చవకైన ముక్క.

మోకాళ్లు కాలుతున్నాయి

ఫెయిరింగ్ వెనక వేడి చేరడం ఈ బండి స్వభావం. ఇక్కడి జనవరిలో వరం, జూలైలో ట్రాఫిక్‌లో శిక్ష. మీరు చూడాల్సింది ఫ్యాన్. బండిని నిలబెట్టి ఇంజన్ నడవనిస్తే కాసేపటికి ఫ్యాన్ తిరగాలి. తిరక్కుండా ఎర్ర లైటు వెలిగితే వెంటనే ఆపేయండి. ఏళ్ల తరబడి తిరగని ఫ్యాన్ మోటారు బిగుసుకుపోయి ఫ్యూజు కాలుతుంది. ఫ్యూజు మార్చినంత మాత్రాన పని కాదు.

హ్యాండిల్ ఊగుతోంది

ముందు టైరు తేదీ చూడండి. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల వరస చివర నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. మూడే అంకెలుంటే అది 2000కి ముందు టైరు, గాలి నిలిచినా సరే పారేయాల్సిందే. టైరు కొత్తదే అయినా ఊగుతుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) చూడండి, తర్వాత వెనక పెట్టెల బరువు.

1988 నుంచి కొన్ని కె100లకు ఏబీఎస్ వచ్చింది. మోటార్‌సైకిళ్లకు ఏబీఎస్ ఇచ్చి అమ్మడం ప్రపంచంలో దీనితోనే మొదలు. రెండు ఎర్ర లైట్లు కలిసి మెరిసి, బండి కదలగానే ఆరితే మంచిదే. ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తుంటే కంప్యూటర్ పోయిందని భయపడే ముందు బ్యాటరీ మార్చి చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ పడిపోయినా అలాగే మెరుస్తాయి.

ఫెయిరింగ్ మీద గీతలు, లోపల ఏముందో తెలియదు

గీతలు వదిలేయండి, బిగింపు చెవులు చూడండి. స్క్రూల దగ్గర పగుళ్లు, జిగురు అతుకులు, ఒక వైపు మాత్రమే కొత్త పెయింటు కనిపిస్తే బండి ఆ వైపు పడింది. నిలబడి ఉన్నప్పుడు ఒరిగిన బండైతే బాధ లేదు. ఫోర్క్ కూడా వంకరగా ఉంటే వెనక్కి తిరగండి. ఒక పక్క ప్యానెల్ విప్పి చూపించమంటే నిజంగా అమ్మాలనుకునేవాడు కాదనడు.

ఈ పెద్ద ఫెయిరింగ్ మీద కాగితాల విషయంలో ఒక లాభం ఉంది. 30 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి నిపుణుడు సర్టిఫికెట్ ఇస్తే హెచ్ నంబర్ ప్లేటు వస్తుంది, ఏడాది పన్ను 46 యూరోలు. మామూలు లెక్కన 25 సీసీకి 1.84 యూరోల చొప్పున ఈ ఇంజన్‌కు 73 యూరోలు పడుతుంది. ఫెయిరింగ్ పీకి కెఫే రేసర్ చేసినవాళ్లు ఆ ప్లేటు కోసం నిపుణుడి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. మీరు నిండు ఫెయిరింగ్‌తో ఉన్న బండిని, పాత సర్వీసు బిల్లుల్ని తీసుకుని ధైర్యంగా వెళ్లండి.